వేరుశెనగ రైతు తరఫున

గోధుమల ఓడ జెట్టీకి కట్టిన దగ్గర్నుంచి చలమయ్య తుమ్ముతూనే ఉన్నాడు. ఓడ కడుపులో గోధుమలు గుట్టలుగా పోసి ఉన్నాయి. కూలీలు మోకాళ్ళ దాకా ఆ గింజల్లో దిగబడి తట్టలతో గోనెసంచుల్లోకి ఎత్తుతుంటే, లేచిన దుమ్ము పైకంటా వచ్చి డెక్కు మీద నిలబడ్డవాళ్ళ కనుబొమల మీద కూడా తెల్లగా పేరుకుంటోంది. సంచి నిండగానే ఒకడు గోనె సూదితో మూతి కుట్టేస్తాడు. కుట్టిన సంచుల్ని తాడు వలలో పేర్చి కొక్కేనికి తగిలిస్తే, పైన బరువులెత్తే వించి పిడి పట్టుకున్న సూరన్న ఆ బరువుని నిదానంగా లేపి, గాలిలో ఊగనివ్వకుండా తిప్పి, జెట్టీ మీద ఆగిన లారీలోకి దింపుతాడు. వల లారీని తాకేటప్పుడు చప్పుడు కూడా రాదు. సూరన్న వించి మీద ఉంటే కింద హేచ్‌లో, ఆ ఓడ కడుపులో, ఉన్నవాళ్ళు తలెత్తి చూసుకోరు.

ఓడల్లో సరుకు ఎత్తి దించే ఆ కంపెనీలో చలమయ్య లేబర్ సూపర్‌వైజరు. ఏ గ్యాంగు ఏ హేచ్‌లో దిగాలో, ఎవరికి ఆ రోజు పని టోకెను ఇవ్వాలో, ఎవరిని రేపు రమ్మనాలో చెప్పేది అతనే. అమలాపురం దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి విశాఖపట్నంలో స్థిరపడ్డాడు. సీతమ్మధారలో అద్దె ఇల్లు. భార్య కాంతం, ముగ్గురు పిల్లలు, పొట్టిగా ఉన్నా గట్టిగా పలికే ఒక ట్రాన్సిస్టరు.

ఓడ అమెరికాది. ఆ సంగతి తెలిసినప్పుడే చలమయ్యకి ఒక కోరిక పుట్టింది. మంగళవారం నాడు అక్కడ ప్రెసిడెంటు ఎన్నిక. ఆ దేశపు మనిషిని ఒక్కణ్ణయినా పట్టుకుని, నువ్వెవరివైపు అని అడగాలి. రెండు రోజులు ఇంగ్లీషులో వాక్యం కూర్చుకుని, శనివారం మధ్యాహ్నం రెయిలింగుకి ఆనుకుని బత్తాయి ఒలుచుకుంటున్న ఓడ ఆఫీసరు దగ్గరికి వెళ్ళాడు.

"ఫోర్డా, కార్టరా? తమరు ఎవరికి వేస్తున్నారు?"

ఆ మనిషి అతన్ని పైనుంచి కిందికి చూశాడు. దుమ్ము కొట్టుకున్న చొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో గొడుగు.

"నేనెప్పుడూ ఓటు వెయ్యలేదు," అన్నాడు. "ఎవడొచ్చినా నా జీతం ఇంతే."

బత్తాయి తొక్కలు నీళ్ళలోకి విసిరి లోపలికి వెళ్ళిపోయాడు. చమురు తెట్టు కట్టిన నీళ్ళ మీద ఆ తొక్కలు తేలుతుంటే చలమయ్య చూస్తూ నిలబడ్డాడు. ఓటు ఉన్నవాడికి అక్కర్లేదు. అక్కర ఉన్నవాడికి లేదు.

జెట్టీ గేటు బయట టీ కొట్టు ఉంది. ఎమర్జెన్సీ వచ్చిన కొత్తలోనే కొట్టువాడు "ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు" అని అట్టముక్క మీద రాయించి బాయిలరు పైన వేలాడదీశాడు. నిరుడు ఆ కొట్టు బల్ల మీదే కూర్చుని యూనియను సంగతి మాట్లాడిన ఇద్దరు ఇప్పటికీ జైల్లో ఉన్నారు. ఇప్పుడక్కడ సినిమాలు మాట్లాడుకుంటారు, చేపల రేట్లు మాట్లాడుకుంటారు. చలమయ్య మాత్రం అమెరికా మాట్లాడతాడు. అమెరికా రాజకీయాలు మాట్లాడరాదని అట్టముక్క మీద లేదు.

"నీకెందుకు బావా ఆ గోల?" అన్నాడు కన్నబాబు. దిగిన సంచుల లెక్క రాసుకునే టాలీ గుమాస్తా అతను, ఈ ఊరివాడే. "ఆడు నెగ్గితే నీకేటి ఒరుగుతాది?"

"కార్టర్ వేరుశెనగ రైతయ్యా. కాళ్ళకి మట్టి అంటినవాడు. నేను మీకు అబద్ధం చెప్పను అని ఊరూరా తిరిగి చెప్పాడు. సొంత జనాన్ని జైళ్ళలో పెట్టే ప్రభుత్వాలతో మనకి స్నేహమేంటి అన్నాడు. ఇంకేం కావాలి?"

ఆ చివరి మాటకి కన్నబాబు చుట్టూ చూసి, గ్లాసు కింద పెట్టాడు.

"అసలు సంగతి అది కాదు," చలమయ్య గొంతు తగ్గించాడు. "అక్కడ కుర్చీలో ఉన్న ఫోర్డు కూడా వచ్చి చేతులు జోడించి అడగాలి. జనం వద్దంటే పెట్టె సర్దుకోవాలి. అది చూడాలని ఉంది నాకు. ఎక్కడో ఒకచోట."

ఈ వారమే మన పార్లమెంటు గడువు ఇంకో ఏడాది పొడిగిస్తారని పత్రికలో ఉంది. అది ఇద్దరూ చదివారు. ఇద్దరూ అనలేదు.

టీ తాగి లేస్తుంటే సూరన్న వచ్చి నిలబడ్డాడు. తలగుడ్డ తీసి చేతిలో నలుపుతున్నాడు.

"బాబూ, మంగలారం కేంపుకి నా పేరు సెప్పినారంట."

కంపెనీ తన గోడౌను వెనక కుటుంబ నియంత్రణ శిబిరం వేయిస్తోంది. పైనుంచి ఇన్ని కేసులు కావాలని వచ్చింది. ఆపరేషను చేయించుకోనివాడికి టోకెను ఆపెయ్యమని మేనేజరు త్రినాథరావు చెప్పాడు.

"నీకు ఒక్కర్తే కదరా పిల్ల?"

"ఒక్కర్తే బాబూ. ముందరి రెండూ పురిట్లోనే పోనాయి. ఇది దక్కినాది." సూరన్న నవ్వడానికి ప్రయత్నించాడు. "నాకు అన్నదమ్ములు నేరు, నా పెల్లాం పోతమ్మకీ ఎవులూ నేరు. రేపు మేం పోతే అది ఒంటిదైపోతాది. దానికి తోడు ఇంకొకలు ఉండాల గదా. మీరోపాలి మేనేజరుబాబుతోటి సెప్పండి."

"చెప్తాను," అన్నాడు చలమయ్య. "ఒక్క పిల్ల ఉన్నవాణ్ణి వాళ్ళు తీసుకోరు. నువ్వు భయపడకు."

సూరన్న తలగుడ్డ మళ్ళీ చుట్టుకుని వెళ్ళిపోయాడు. అతనికి నిజంగానే భయం పోయిందని నడకలోనే తెలిసింది.

సోమవారం త్రినాథరావు గదిలోకి వెళ్ళేసరికి మేనేజరు చాలా హుషారుగా ఉన్నాడు. బల్ల మీద రంగుకాగితాల మీద గీసిన అమెరికా జెండాలు రెండున్నాయి.

"రావయ్యా చలమయ్యా. నీ గురించే అనుకుంటున్నాను. రేపు సాయంత్రం మన ఆఫీసర్ల క్లబ్బులో మాక్ ఎలక్షన్. అమెరికా ప్రెసిడెంటుకి. అక్కడ పోలింగు మొదలయ్యే టైముకి ఇక్కడ మనమూ చేద్దాం. ఫోర్డు తరఫున నేను మాట్లాడతాను. కార్టర్ తరఫున నువ్వు. నీకన్నా ఆ సబ్జెక్టు తెలిసినవాడు ఈ కంపెనీలో ఎవడున్నాడు?"

చలమయ్యకి చెవులు వేడెక్కాయి. క్లబ్బు మెట్లు అతను ఇంతవరకు ఫైళ్ళు ఇవ్వడానికే ఎక్కాడు.

"పోలీసులు..."

"ఇన్‌స్పెక్టరుగారే చీఫ్ గెస్టు. మనది కాదు కదయ్యా ఎలక్షన్, వాళ్ళకేం అభ్యంతరం?" త్రినాథరావు నవ్వాడు. పళ్ళ సందున తమలపాకు ఇరుక్కుని ఉంది. "బాగా మాట్లాడు. జనరల్ మేనేజరుగారు కూడా వస్తున్నారు."

చలమయ్య లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"వించి సూరన్న పేరు శిబిరంలో ఉందండి. అతనికి ఒక్క పిల్లేనండి."

"ఒక్కర్తేనా? ముగ్గురని కదా గ్యాంగు మేస్త్రి చెప్పాడు?"

"ఇద్దరు పోయారండి. పురిట్లోనే."

"అయితే పుట్టినవాళ్ళు ముగ్గురే కదా." త్రినాథరావు జెండా ఒకటి ఎత్తి వెలుతురులో చూసుకున్నాడు. "బతికారా పోయారా అన్నది మనం ఎక్కడ చూస్తాం? పుట్టించాడు, చాలు. పేరు ఇచ్చేశాం, ఇప్పుడు ఒకటి తగ్గితే నన్నడుగుతారు. డాక్టరు నిన్నేమైనా అడిగితే అదే చెప్పు. రేపు పొద్దున్న వ్యానుతో నువ్వే వెళ్ళు. పదకొండుకల్లా ఇంటికెళ్ళిపో, స్పీచి తయారుచేసుకో."

చలమయ్య ఇంకో మాట అనాలనే అనుకున్నాడు. మాట నోటిదాకా వచ్చింది కూడా. ఆ మాట వెనక క్లబ్బు హాలు, ఎర్ర తివాచీ, మైకు కనిపించాయి. "అలాగేనండి," అని బయటికి వచ్చాడు.

ఆ సాయంత్రం కాంతం వంటింట్లో చింతపండు పిసుకుతుంటే, గుమ్మంలో నిలబడి ఆమెకి ఉపన్యాసం చదివి వినిపించాడు. అందులో ఒక వాక్యం అతనికి ఎంతో నచ్చింది. ఏలేవాడు ఏలుబడిలో ఉన్నవాడి ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు, అక్కడితో అతని అధికారం ఆగిపోవాలి. దాన్ని రెండుసార్లు చదివాడు.

"బావుందండి," అంది కాంతం. "ఈ మాట అక్కడ అంటారా?"

"అమెరికా గురించే కదా."

"అందుకే అడిగాను," అని చింతపండు పిప్పి తీసి పక్కన పడేసింది.

మంగళవారం పొద్దున్న వ్యాను గేటు దగ్గరికి వచ్చింది. మనుషులు ఒక్కొక్కరే ఎక్కారు. సూరన్న ఎక్కలేదు. చలమయ్యని చూసి దగ్గరికి వచ్చాడు.

"సెప్పినారా బాబూ?"

"ఎక్కు. అక్కడ డాక్టరుగారు చూస్తారు."

"డాట్రుబాబు నన్నొగ్గెత్తారా, ఎల్లిపొమ్మంటారా?"

చలమయ్య గొడుగు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "ఎక్కరా ముందు."

సూరన్న ఎక్కాడు. చలమయ్య ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక్కి తిరగలేదు.

గోడౌను వెనక షామియానా కింద బల్లలు వేశారు. రేకుల గోడకి తడిసిన గోనెల వాసన, దాని మీద డెట్టాలు వాసన. లోపల తెర. తెర అవతల నుంచి బయటికి వస్తున్నవాళ్ళు కాళ్ళు ఎడం చేసి, పంచె పైకి పట్టుకుని, నేల చూస్తూ నడుస్తున్నారు. ఒక్కొక్కరికీ చేతిలో ఒక బకెట్టు పెడుతున్నారు. కొత్త ప్లాస్టిక్ బకెట్టు, నీలిరంగుది. ఒక ముసలాయన, మనవలున్నవాడు, ఆ బకెట్టుని బోర్లించి దాని మీదే కూర్చోబోయి, కూర్చోలేక లేచాడు. చూసిన కాంపౌండరు పకపకా నవ్వాడు.

సూరన్న వంతు వచ్చినప్పుడు డాక్టరు తల ఎత్తలేదు. కుర్రవాడు. కళ్ళ కింద నిద్రలేని నలుపు.

"పిల్లలెంతమంది?"

సూరన్న చలమయ్య వైపు చూశాడు. అడగవలసినవాడు అడుగుతున్నాడు కాబట్టి, చెప్పవలసినవాడు చెబుతాడని ఆ చూపు.

"ముగ్గురు పుట్టారండి," అన్నాడు చలమయ్య.

వాక్యంలో అబద్ధం లేదు. రాత్రి ఉపన్యాసం దిద్దుకున్నంత జాగ్రత్తగా కూర్చిన వాక్యం అది. నోరు దాటగానే నాలుక మీద పాచి తగిలినట్టయింది. డాక్టరు తెర వైపు చెయ్యి చూపించాడు. సూరన్న ఒకసారి చలమయ్య మొహంలోకి చూశాడు. ఎత్తిన సరుకు చేజారిపోతున్నప్పుడు కింద మనుషులున్నారా లేదా అని చూసే చూపు అది. కాంపౌండరు అతని భుజం పట్టుకుని తెర వెనక్కి తీసుకుపోయాడు.

పదకొండుకల్లా చలమయ్య ఇంటికి వెళ్ళిపోయాడు. అన్నం ముందు కూర్చుని లేచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుంటుంటే కాంతం మొహం చూసి ఒంట్లో బాలేదా అంది. గోధుమ దుమ్ము అన్నాడు.

క్లబ్బు హాలు నిండిపోయింది. గోడకి రెండు జెండాలు, మధ్యలో ఫోర్డు బొమ్మ, కార్టర్ బొమ్మ. ఆడవాళ్ళు ఒకవైపు. ప్లేట్లలో జీడిపప్పు పకోడీ, పక్కన నూనె ఊరిన కాగితం. అందరూ తింటూనే మాట్లాడుతున్నారు, నవ్వుతూనే తింటున్నారు. ముఖ్య అతిథిగా వచ్చిన ఇన్‌స్పెక్టరు చలమయ్యని పక్కకి పిలిచి మర్యాదగా అడిగాడు. "ఈ వేరుశెనగలాయన మనకి అనుకూలమాండీ, వ్యతిరేకమా?"

"రైతండీ," అన్నాడు చలమయ్య.

"అయితే పర్లేదు."

మొదలవక ముందే నలుగురైదుగురు ఆఫీసర్లు ఒక్కొక్కరే అతని దగ్గరికి వచ్చి చెవిలో చెప్పారు. మేము నీవైపేనయ్యా. ఆ ఫోర్డు ఉత్త మొద్దు. గట్టిగా మాట్లాడు.

త్రినాథరావు ముందు మాట్లాడాడు. దేశానికి కావలసింది క్రమశిక్షణ అన్నాడు. నడుస్తున్న బండికి చక్రం మార్చకూడదన్నాడు. ఉన్న నాయకత్వాన్నే ఉంచుకునే జాతులు బాగుపడతాయన్నాడు. అతను ఏ దేశం గురించి మాట్లాడుతున్నాడో అందరికీ తెలుసు. జనరల్ మేనేజరు తలాడించాడు. హాలంతా చప్పట్లు.

చలమయ్య మైకు ముందుకి వెళ్ళాడు. గొంతు బాగానే పలికింది. ఎక్కడో సముద్రాల అవతల పొలం దున్నుకునే ఒక మామూలు మనిషి, పెద్దవాళ్ళ అండ లేకుండా, ఒక్కొక్క గడపా ఎక్కి, నా పేరు ఫలానా, నేను మీకు అబద్ధం చెప్పను, అని చెయ్యి చాపిన సంగతి చెప్పాడు. అబద్ధం అన్న మాట దగ్గర తడబడి, దాన్ని మళ్ళీ అన్నాడు. అది భావోద్వేగం అనుకుని ముందు వరసలో ఒకావిడ మెచ్చుకోలుగా తలూపింది.

తరవాతి వాక్యం ఒంటి మీద చెయ్యి వెయ్యడం గురించి. కాగితం మీద కనిపిస్తూనే ఉంది. ఇన్‌స్పెక్టరు పకోడీ నోట్లో వేసుకుని వింటున్నాడు. త్రినాథరావు చేతివేళ్ళు తుడుచుకుంటున్నాడు. చలమయ్యకి డెట్టాలు వాసన వచ్చింది. ఆ వాక్యాన్ని దాటేసి, వేరుశెనగ తింటే బలం, వేరుశెనగ పండించినవాణ్ణి ఎన్నుకుంటే మహాబలం అని ముగించాడు.

హాలు ఘొల్లుమంది. చప్పట్లు త్రినాథరావుకి వచ్చినదానికంటే ఎక్కువగా వచ్చాయి. జనరల్ మేనేజరు లేచి చెయ్యి కలిపాడు. ఆ చెయ్యి మెత్తగా, నూనెగా ఉంది.

"ఇక ఓటింగు," అన్నాడు త్రినాథరావు. "రహస్యం దేనికి, మనమంతా ఒక్క కుటుంబం. చేతులెత్తండి చాలు. ఫోర్డుగారి వైపు?"

ముందు తనే ఎత్తాడు. జనరల్ మేనేజరు ఎత్తాడు. తరవాత వరసగా అందరివీ లేచాయి. ఇందాక చెవిలో చెప్పినవాళ్ళవీ లేచాయి. వాళ్ళలో ఒకాయన రెండు చేతులూ ఎత్తి చుట్టూ చూసి నవ్వాడు. కూర్చోకుండా మైకు పక్కనే నిలబడి ఉన్న చలమయ్యకి, హాలంతా చంకలు చూపిస్తున్నట్టుంది. చెమట, సెంటు, పకోడీ. త్రినాథరావు కళ్ళు అతని మీద ఆగాయి. రేపు ఉద్యోగం, ఎల్లుండి ఉద్యోగం, ముగ్గురు పిల్లలు. అతని చెయ్యి భుజం దాకా లేచింది. అక్కడ ఆగింది. కానీ లేచింది.

"అరే, మన వక్తగారు కూడా మనసు మార్చుకున్నారు," అన్నాడు త్రినాథరావు.

నవ్వులు చాలాసేపు ఆగలేదు.

బుధవారం మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర కన్నబాబు ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని ఉన్నాడు. చలమయ్యని దూరం నుంచే చూసి లేచాడు.

"బావా, నీవోడు నెగ్గీసినాడు. ఫోర్డు పోనాడు."

కొట్టువాడు కూడా నవ్వాడు. ఎవరో టీ చెప్పారు. ఇక్కడికి రాకముందే ఆఫీసులో ఇద్దరు వచ్చి అభినందనలు చెప్పి వెళ్ళారు. త్రినాథరావు ఫోను చేసి, "నేను ముందే అనుకున్నానయ్యా, కార్టర్ ఈజ్ ఏ గుడ్ మాన్," అన్నాడు. చలమయ్య గ్లాసు పట్టుకుని, ఏడాదిగా ఎదురుచూసిన సంతోషం కోసం లోపల వెతుక్కున్నాడు. కుర్చీలో ఉన్నవాడు దిగిపోతున్నాడు. తను కోరుకున్నది అదే. టీ మీద మీగడ ముడతలు పడి గ్లాసు అంచుకి అంటుకుంది. చూసి పక్కన పెట్టేశాడు.

అప్పుడే అప్పలసూరి వచ్చాడు. సూరన్న మేనమామ కొడుకు, అదే గ్యాంగులో సంచులు కుట్టే కుర్రవాడు.

"సూరన్నకి జొరం బాబూ. ఒల్లు కాలిపోతన్నాది. వాపు కూడా వొచ్చీసినాది."

చలమయ్య బత్తాయిలు కొన్నాడు. కొన్న తరవాత వాటిని చూస్తే అసహ్యమేసింది. అయినా పట్టుకుని జాలరిపేటకి వెళ్ళాడు.

ఇంటి ముందు దండెం మీద వల ఆరవేసి ఉంది. లోపల చాప మీద సూరన్న కాళ్ళు రెండూ ఎడంగా పెట్టుకుని పడుకున్నాడు. పెదాలు ఎండిపోయాయి. పక్కన నీలం బకెట్టు, అందులో తడిగుడ్డ. రెండేళ్ళ పిల్ల ఆ బకెట్టు పిడి లేపి వదిలి, లేపి వదిలి చప్పుడు చేస్తోంది.

సూరన్న లేవబోయాడు. చలమయ్య వద్దన్నాడు.

"మీవోడు నెగ్గినాడంట గదా బాబూ," అన్నాడు సూరన్న. "అప్పలసూరి సెప్పినాడు. మంచిదైంది."

ఎత్తిపొడుపేమీ లేదు. ఇంటికి వచ్చినవాడితో ఏదో ఒక మంచి మాట అనాలి కాబట్టి అన్నాడు. చలమయ్య కూర్చోవడానికి చోటున్నా కూర్చోలేకపోయాడు.

పోతమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. సన్నటి మనిషి. కొంగు నడుముకి బిగించుకుని, చేతులు కట్టుకుని, చాలాసేపు అతన్ని చూసింది.

"బాబూ, నీకెంతమంది పిల్లలు?"

"ముగ్గురు."

"బతికున్నారా?"

సూరన్న చాప మీంచి "ఒలే" అన్నాడు. ఆమె అటు చూడలేదు.

"ఉన్నారు," అన్నాడు చలమయ్య.

"మరి నువ్వెందుకు ఎల్లనేదు?"

అరవలేదు, తిట్టలేదు, ఏడవలేదు. తెలియక అడిగినట్టు అడిగింది. బదులు ఉంటుందేమోనని కాసేపు ఆగింది కూడా. పిల్ల బకెట్టు పిడి వదిలేసి బత్తాయి కోసం చెయ్యి చాపింది. పోతమ్మ ఆ పిల్లని ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయింది.

దారిలో తెలిసిన డాక్టరుని బతిమాలి జాలరిపేటకి తీసుకెళ్ళి, సూది వేయించి, మందులిప్పించి ఇల్లు చేరేసరికి కాంతం దీపం పెడుతోంది. మడతమంచం మీద కూర్చుని జరిగిందంతా చెప్పాడు. ముగ్గురు పుట్టారండి అన్నదీ చెప్పాడు, చెయ్యి ఎత్తినదీ చెప్పాడు. కాంతం వత్తి సరిచేస్తూ విన్నది.

"మూడోవాడు పుట్టినప్పుడే ఆపరేషను చేయించుకుంటారా అని అడిగాను మిమ్మల్ని," అంది. "ఇలాంటివి కూలీలకి గాని స్టాఫుకి కాదు అన్నారు."

"అన్నానా?"

"అన్నారు."

కాంతం అన్నం వడ్డించింది. చలమయ్య తిన్నాడు.

గురువారం పొద్దున్న వ్యాను మళ్ళీ వచ్చింది. గేటు దగ్గర త్రినాథరావు స్వయంగా నిలబడ్డాడు. ఎక్కుతున్నవాళ్ళలో అప్పలసూరి ఉన్నాడు. మెడ వంచుకుని, గోనె సూది ఇంకా చొక్కా కాలరుకి గుచ్చుకునే ఉన్నాడు.

"అప్పలసూరికి పెళ్ళే కాలేదండి," అన్నాడు చలమయ్య.

"తెలుసయ్యా. మనిషి తక్కువ పడ్డాడు. పెళ్ళయ్యాక కావాలంటే మళ్ళీ కుట్టేస్తారు, సైన్సు ఎంతో పెరిగింది." త్రినాథరావు చెవి దగ్గరికి వంగాడు. "నువ్వు ముందు కూర్చో. డాక్టరు అడిగితే ఏం చెప్పాలో నీకు తెలుసు కదా."

తమలపాకు, జర్దా వాసన గుప్పుమంది. చలమయ్య మొహం తిప్పుకోలేదు.

"దిగరా అప్పలసూరీ," అన్నాడు.

అప్పలసూరి అర్థంకాక చూశాడు.

"దిగు. రెండో హేచ్‌లో సంచులు కుట్టేవాడు లేడు, వెళ్ళు." త్రినాథరావు వైపు తిరిగాడు. "ఆ తక్కువైన ఒక్కడి బదులు నేను వెళ్తానండి."

త్రినాథరావు నవ్వాడు. తరవాత నవ్వు ఆపి, వ్యానులోంచి చూస్తున్న మొహాల్ని చూసి, చలమయ్యని మోచెయ్యి పట్టుకుని గోడ పక్కకి లాగాడు.

"పిచ్చా నీకు? నువ్వు స్టాఫువి. ఇవాళ నువ్వెళితే రేపు వీళ్ళు నన్నడుగుతారు. నాకు నలుగురు పిల్లలు."

"అడుగుతారండి," అన్నాడు చలమయ్య.

"ప్రమోషను కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి తెలుసా?"

తెలుసు. ఇది ధైర్యం కాదని అతనికి తెలుసు. ఆ వ్యాను ముందు సీట్లో ఇంకోసారి కూర్చోవడం తనవల్ల కాదు, అంతే. మోచెయ్యి విడిపించుకుని, వెనక్కి వెళ్ళి, మెట్టు చెక్క మీద కాలేసి వ్యాను ఎక్కాడు. కూలీలు జరిగి చోటిచ్చారు. త్రినాథరావు సైగ కోసం డ్రైవరు ఆగాడు. సైగ రాలేదు. వెనక నుంచి ఎవరో రేకు మీద అరచేత్తో చరిచారు. వ్యాను కదిలింది.

వారం పైన గడిచాక సూరన్న పనికి వచ్చాడు. గోధుమల ఓడ వెళ్ళిపోయింది, దాని చోట ఎరువుల ఓడ ఉంది. చలమయ్యకి ప్రమోషను రాలేదు. త్రినాథరావు అతనితో మాటలు తగ్గించాడు. శిబిరం షామియానా మాత్రం విప్పేశారు, స్టాఫులో ఇంకెవరు వెళతారన్న ప్రశ్న జెట్టీ మీద మరీ గట్టిగా వినిపించసాగిందని కన్నబాబు చెప్పాడు.

సూరన్న టోకెను తీసుకుంటూ చలమయ్య నడక చూశాడు.

"నొప్పి తగ్గినాదా బాబూ?"

"తగ్గింది. నీకు?"

"నొప్పి తగ్గిపోనాది."

ఇద్దరూ డెక్కు మీదికి వచ్చి రెయిలింగు పక్కన నిలబడ్డారు. చలమయ్య చెప్పాలనుకున్న మాట వారం నుంచీ కూర్చుకుంటూనే ఉన్నాడు. ఎన్నిసార్లు కూర్చినా అది మళ్ళీ ఉపన్యాసంలాగే వస్తోంది.

"నీ విషయంలో నేను అబద్ధం చెప్పానురా," అన్నాడు చివరికి.

సూరన్న టోకెను పంచె మడతలో దోపుకున్నాడు.

"నాకు తెల్దా బాబూ. నాను అక్కడే ఉన్నాను గదా." తలగుడ్డ బిగించి చుట్టుకున్నాడు. "అప్పలసూరికి సంబందం కుదిరినాది. మాఘమాసంలో పెల్లి. మిమ్మల్ని పిలవాల అంటన్నాడు."

"నువ్వేమంటావు?"

"ఆడి పెల్లి. ఆడు పిల్సుకుంటాడు."

హేచ్ లోపల నుంచి ఎవరో సరుకు సిద్ధమని కేకేశారు. సూరన్న నిచ్చెన కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ, వించి దాకా ఎక్కాడు. పిడి మీద చెయ్యి వేసి కిందికి చూశాడు. చలమయ్య హేచ్ నోటికి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"అడ్డు తప్పుకోండి బాబూ," అన్నాడు సూరన్న. "సరుకు లేత్తన్నాది."

చలమయ్య తప్పుకున్నాడు.